లచ్చన్న పెట్టిన వంతు

బహ్రెయిన్‌లో, సల్మాబాద్‌లోని మా కంపెనీ క్యాంపు మెస్సు తలుపు మీద ఒక కాగితం అతికించి ఉంటుంది. అందులో మూడు గళ్లు. మొదటిది వంట వంతు, రెండోది బాత్రూములు కడిగే వంతు, మూడోది పూజ వంతు. వారానికొకరి చొప్పున పేర్లు వరసగా దిగుతాయి. పోయిన వారం బాత్రూములు కడిగిన మనిషే ఈ వారం దేవుడికి హారతి ఇస్తాడు. నేను ఈ క్యాంపుకి ఇన్‌చార్జిగా వచ్చిన కొత్తలో అది చూసి ఎవడో వేళాకోళానికి రాశాడనుకున్నాను. నా పేరు అమ్మిరాజు, మాది గోదావరి జిల్లా. పూజకి డ్యూటీ వేసుకోవడం మా వైపు నేను విని ఎరగను. కాగితం పీకించేశాను. మర్నాడు కొత్తది ప్రత్యక్షం. దాన్నీ పీకించాను. మూడోసారి కూడా అదే చోట అదే కాగితం కనపడేసరికి ఒళ్లు మండి, ఇది రాసే పెద్దమనిషి ఎవరో పిలవండన్నాను.

అప్పుడు వచ్చాడు లచ్చన్న. సన్నగా, పొడుగ్గా, మీసం తెల్లబడ్డ మనిషి. షట్టరింగ్ ఫోర్‌మన్. జగిత్యాల దగ్గర పల్లె. బహ్రెయిన్‌లో ఇరవై ఆరేళ్లుగా ఉంటూ, ఈనాటికీ "నేను దుబాయికొచ్చినప్పుడు" అనే మొదలుపెడతాడు.

"వంట వంతుకు పేరు రాస్తె నీకు కోపం రాలె సారూ," అన్నాడు నిలబడే. "సండాసు వంతుకు రాస్తె గూడ రాలె. దేవుని వంతుకు రాస్తెనే వచ్చింది. ఎందుకొచ్చిందో జెర నువ్వే జెప్పు."

జవాబు తోచక కాగితాన్ని అక్కడే ఉండనిచ్చాను. తోచి ఉంటే ఇదంతా రాయవలసిన పని ఉండేది కాదు.

తర్వాత తెలిసింది, ఆ మూడో గడి పుట్టి పదకొండేళ్లయిందని. అంతకుముందు ఒకాయన క్యాంపులో దేవుడి పటానికి తనంతట తానే పూజారై కూర్చుని, ఫలానావాళ్లు పటం ముట్టుకోకూడదు, ఫలానావాళ్లు దూరంగా ఉండి దణ్ణం పెట్టుకోవాలి అని మొదలుపెట్టాడట. లచ్చన్న ఒక శుక్రవారం పొద్దున్నే కాగితం తీసుకొచ్చి మూడో గడి గీశాడు. మొదటి నెలల్లో కొన్ని వారాలు ప్రసాదం మిగిలిపోయేది. ఎవరి వారంలో మిగిలేదో వేరే చెప్పక్కర్లేదు. లచ్చన్న దానికొక నియమం పెట్టాడు. ప్రసాదం తీసుకోనివాడికి మరుసటి వారం బాత్రూముల వంతు. రెండు నెలలు తిరక్కుండా ప్రసాదం గిన్నె నాకేసినట్టు ఖాళీ అవడం మొదలైంది.

ఇందులో పెద్ద విడ్డూరం ఏమిటంటే, మూడో గడిలో లచ్చన్న పేరు ఎప్పుడూ ఉండదు. అడిగితే, "నాకు దేవుడు లేడు, వంతెందుకు?" అంటాడు. హారతి జరుగుతున్నంతసేపూ బయట నిలబడతాడు. గంట ఆగగానే మొదట చెయ్యి చాపేది మాత్రం అతనే. ఎవరి వంతు వారమైనా సరే, ప్రసాదం తీసుకుని, ఇచ్చినవాడి ఎదుటే తిని, అరచెయ్యి తుడుచుకుని వెళ్తాడు. దేవుడు లేడు గాని దేవుడి పులిహోర ఉందన్నమాట అని నేను ఏడిపించేవాణ్ని. లచ్చన్న నవ్వేవాడు కాదు.

అతను వయసులో ఉన్నప్పుడు ఊళ్లో కూలీల సంఘంలో పనిచేశాడని భూమేష్ చెప్పాడు. భూమేష్ అతని ఊరివాడే, మా స్టోర్ కీపరు. తునికాకు కట్టకు కూలి పెంచమని గుత్తేదారు ఇంటి ముందు కూర్చోవడం, చాయ్ హోటల్లో రెండు రకాల గ్లాసులుంటే వేరే పెట్టిన గ్లాసులన్నీ రోడ్డు మీద పగలగొట్టడం, పోలీసులకు దొరక్కుండా చెలకల్లో పడుకోవడం, ఇవన్నీ చేశాడట. తర్వాత కొందరు చనిపోయారు, కొందరు లొంగిపోయారు, మిగిలినవాళ్లలో చాలామంది లచ్చన్నలాగే విమానం ఎక్కారు. ఊళ్లో తనని పటేలా అని పిలిచేవాళ్లందరి చేతా ఇక్కడ కాకా అనిపించుకుంటాడు.

ఇక యానుష్ గారి సంగతి. ఆయన పోలండ్ మనిషి, మా సైట్లకి సేఫ్టీ ఇన్స్పెక్టరు. అరవై దాటాయి. ఎయిర్‌పోర్టు పక్కన అరాద్‌లో చిన్న ఫ్లాటులో ఒంటరిగా ఉంటాడు. ఈ ఏడాది ఫిబ్రవరిలో క్యాంపులో నిప్పు ప్రమాదాల తనిఖీకి వచ్చాడు. సిలిండర్లు చూశాడు, మెస్సు తలుపు ఎటు తెరుచుకుంటుందో చూశాడు, చూస్తూ కాగితం దగ్గర ఆగాడు. మూడో గడి ఏమిటని అడిగాడు. చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, అక్కడే బెంచీ మీద కూర్చున్నాడు. "మా నాయనమ్మ చూసి ఉంటే సంతోషించేది" అన్నాడు.

ఆయన చెప్పింది నాకు గుర్తున్నంతలో రాస్తున్నాను. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక పోలండ్ మళ్లీ ఒక దేశంగా నిలబడింది. దేశం కొత్తదే గాని ఊళ్లలో పాదిరి పెత్తనం పాతదే. ఆ పెత్తనం గిట్టని కొందరు అప్పటికే విడిపోయి వేరే మతశాఖ పెట్టుకున్నారు. వాళ్లని మరియావీతులంటారు. ఎవరికీ అర్థంకాని లాటిన్ వద్దు, మన భాషలోనే ప్రార్థన చేసుకుందామన్నారు. చావుకీ పెళ్లికీ పాదిరి రుసుము అడగకూడదన్నారు. వూచ్ అని బట్టల మిల్లుల పట్టణం ఉంది, అక్కడి నేతపనివాళ్లు చాలామంది అందులో చేరారు. 1929లో ఆ శాఖవాళ్లు సన్యాసినులని పాదిరులుగా చేశారు. దేశమంతా విరగబడి నవ్వింది. వాళ్లు అంతటితో ఆగలేదు. నమ్మకం ఉన్న మామూలు మనిషి ఎవరైనా సరే, తన ఇంట్లో, తన బల్ల మీద రొట్టె పెట్టి దీవించి పంచవచ్చన్నారు.

యానుష్ గారి నాయనమ్మ పేరు హేలెనా. మిల్లులో మగ్గం మీద పనిచేసేది. వాళ్లది ఒక్క గది ఇల్లు. ఆదివారం ఆ గదిలో, బంగాళాదుంపలు తరిగే బల్ల తుడిచి దాని మీదే రొట్టె పెట్టి దీవించేది. పక్క ఇళ్లవాళ్లు పదిమంది వచ్చేవాళ్లు. తాత అదే మిల్లులో యూనియన్ మనిషి. సమ్మెల్లో ముందుండేవాడు, రాత్రిపూట కరపత్రాలు పంచేవాడు, దేవుడి మీద నమ్మకం బొత్తిగా లేదు. రొట్టె దీవిస్తున్నంతసేపు బయట మెట్ల మీద కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు. తోటి కార్మికులు ఏరా, మీ ఆవిడ పాదిరి అటగదా అని ఎగతాళి చేసేవాళ్లు.

1935లో ఆ శాఖ రెండుగా చీలింది. పెద్ద ముక్క ఆడ పాదిరులనీ, ఇళ్లలో రొట్టె దీవించడాన్నీ రద్దు చేసేసింది. ఏ ముక్కతో ఉండాలో హేలెనా వాళ్ల పేటలో కూడా సమావేశం పెట్టి తేల్చుకున్నారు. తాతని కూడా పిలిచారు, పేటలో పెద్దమనిషి కదా. రద్దుకి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండన్నారు. తాత చెయ్యి ఎత్తాడు.

"ఆయనకి చెడు ఉద్దేశం లేదు," అన్నాడు యానుష్ గారు. "ఆయన లెక్కలో అదొక మూఢనమ్మకం. ఉంటే ఎంత, పోతే ఎంత. అసలు పోరాటం మిల్లులో ఉందనుకున్నాడు. మా నాయనమ్మ ఇంటికొచ్చి, దీవెనకి వాడే గిన్నె కడిగి పైన పెట్టేసింది. తర్వాత అందులో చొక్కా గుండీలు దాచుకునేది. తాత ఇంకా ముప్పై ఏళ్లు బతికాడు. ఒక్కరోజు కూడా ఆమెతో ఆ మాట ఎత్తలేదు. తనకి నమ్మకం లేని విషయానికి క్షమాపణ ఎందుకని అనుకున్నాడు."

ఆయన వెళ్లిపోయాక లచ్చన్న నా దగ్గరికొచ్చాడు. సిలిండర్లు కదపడానికి సాయం వచ్చి, అంతసేపూ గోడ దగ్గర నిలబడ్డాడు. ఇంగ్లీషు అంతగా రాదు. "ఆ తెల్లాయిన ఏం జెప్పిండు సారూ? మన కాయితం దిక్కు చెయ్యి జూపిండు," అన్నాడు. నేను నాకు చేతనైనంతలో తెలుగులో చెప్పాను. విన్నాడు.

"మొగడే చెయ్యి లేపిండా?"

"ఆయనే."

"యూనియన్ల పనిజేసెటాయినే?"

"అవునయ్యా, ఆయనే."

లచ్చన్న సిలిండరు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నేను దాన్ని పట్టించుకోలేదు. నేను వేరే ఊపు మీదున్నాను ఆ రోజుల్లో. శ్రీరామనవమి దగ్గరపడుతోంది.

మా క్యాంపులో ఏ పండుగైనా శుక్రవారమే, సెలవు ఆ రోజే కాబట్టి. సీతారాముల కల్యాణం కూడా అంతే. ఫొటో పటానికే చేస్తాం. తాళి పళ్లెంలో పెట్టి అందరికీ చూపించి, పటం చుట్టూ కట్టేస్తాం. ఆ వారం పూజ వంతు ఎవరిదైతే వాడే పురోహితుడు. ఈ సంగతి నేను వేంకటాచలం గారింట్లో భోజనం చేస్తూ గొప్పగా చెప్పాను. ఆయన మనామాలో ఒక పెద్ద కంపెనీలో ఫైనాన్స్ మేనేజరు, మా తెలుగువాళ్లలో పెద్ద. పదేళ్లుగా నెలకోసారైనా వాళ్లింట్లో తింటున్నాను.

"అయ్యో, అంతమంది ఉండి ఫొటోకి పెళ్లి చేస్తున్నారా!" అంది ఆయన భార్య జయశ్రీ గారు. నిజంగానే ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మా మావగారి పంచలోహ విగ్రహాలున్నాయి కదండీ. ఈసారి అవి తీసుకొద్దాం. మేమిద్దరం పీటల మీద కూర్చుంటాం."

వేంకటాచలం గారు కాసేపు ఆలోచించి సరేనన్నారు. తర్వాత నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ, "అమ్మిరాజు గారూ, ఒక్క సంగతి. విగ్రహాలన్నాక అర్చన చేసేవాళ్లు ఉండాలండి. నేను పంతులు గారిని తీసుకొస్తాను. ఈ ఒక్క రోజుకీ మీ లిస్టు పక్కన పెట్టండి," అన్నారు. నాకు అందులో తప్పేమీ కనపడలేదు. అంత పెద్దమనిషి మా క్యాంపుకి రావడమే గొప్పనుకున్నాను.

కల్యాణం వారం పూజ వంతు లక్ష్మణ్‌ది. లచ్చన్న, భూమేష్‌ల ఊరే. ముప్పై నాలుగేళ్లవాడు, సైటులో ఇనప సలాకలు కట్టే పని. మాటకారి కాదు. వాళ్లది ఊరి బయటి వాడ. లిస్టు మొదలుపెట్టాక పదకొండేళ్లలో ఎన్నో కులాలవాళ్లు ఆ వంతు చేశారు గాని, ఆ వాడవాళ్లకి కల్యాణం రోజు వంతు పడడం ఇదే మొదటిసారి. రెండు నెలల నుంచి అతను సల్మాబాద్ నుంచి కర్జకాన్ సైటుకు పోయే బస్సులో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ కూర్చునేవాడు. సినిమా పాటలనుకున్నాను. కల్యాణ మంత్రాలట.

కల్యాణానికి వారం ముందు, శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మెస్సులో మీటింగు పెట్టాం. పదకొండుమందిమి కూర్చున్నాం. వేంకటాచలం గారి విగ్రహాల సంగతి నేనే చెప్పాను. పంతులు గారి సంగతి కూడా చెప్పాను. ఎవరూ లక్ష్మణ్ పేరు ఎత్తలేదు. మంత్రాలు సరిగ్గా పలకాలి కదా అన్నాడొకడు. ఆడవాళ్లు కూడా వస్తారు కదా అన్నాడింకొకడు. ఆడవాళ్లు వస్తే లక్ష్మణ్ మంత్రం చదవకూడదా అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండన్నాను. అందరికన్నా ముందు నా చెయ్యే లేచింది. తర్వాత భూమేష్. తర్వాత అందరూ. లచ్చన్న మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వద్దనీ అనలేదు.

ఆ వారం లక్ష్మణ్‌ది బాత్రూముల వంతు, అది ముగించి వంట వంతువాడికి సాయపడుతున్నాడు. మేం చేతులు దించేసరికి అతను చాయ్ కెటిల్ పట్టుకుని మా పక్కనే ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. "చాయ్ తాగుండ్రి," అని వరసగా పదకొండు గ్లాసుల్లో పోసి వెళ్లిపోయాడు. నేను నా గ్లాసు ముట్టుకోలేకపోయాను. అలాగని లేచి మాట వెనక్కి తీసుకోనూ లేదు.

ఆ సాయంత్రం లచ్చన్న నా ఆఫీసు గదికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సారూ, వాని నాయిన పేరు పోశయ్య," అన్నాడు. "లక్ష్మణ్‌కు మూడు నెలలప్పుడు పానం మీదికొచ్చింది. పోరడు దక్కడన్నరు. బతికితె గుడిల కొబ్బరికాయ గొడ్తనని పోశయ్య మొక్కుకున్నడు. మా ఊర్ల రాములవారి గుడి ఉన్నది, వాళ్లు మెట్లెక్కద్దు. పోరడు బతికిండు. గప్పుడు ఊర్ల సంఘానికి పెద్దను నేనే. పోశయ్య నా దగ్గెరికొచ్చిండు. అన్నా, గ్లాసులు పలగ్గొట్టించినవ్, గిది గూడ జెయ్యి, నన్ను గుడిలకు తోల్కపో అన్నడు."

"నువ్వేమన్నావు?"

"గుడిల ఏమున్నదిరా రాయి తప్ప అన్న. కూలి అడుగుదాం, భూమి అడుగుదాం, రాయినేం జేస్కుంటవన్న. అంత మందిల అన్న. అందరు నవ్విన్రు, వాడు గూడ నవ్విండు. సారూ, మా అవ్వ ప్రతి శనివారం అదే గుడిల దీపం వెట్టొచ్చేది. ఆమెనెన్నడన్న వద్దన్ననా? అనలె. వాణ్నే అన్న."

 తర్వాత అసలు సంగతి చెప్పాడు.

"వాడు తొవ్వ మీదనే కాయ గొట్టిండు. మెట్లకు ఇవుతల. నేను ఆడనే ఉన్న. చెక్క పట్టుకొని ముందుగాల నా దగ్గెరికే వచ్చిండు, తీస్కో అన్నా అని. నేను తీస్కోలె. నాకు దేవుని మీద నమ్మకం లేదు గద, ప్రసాదమెందుకన్న. వాపసు మర్లిపోయిండు. సారూ, నేను వద్దన్నది దేవుణ్నే. కని వానికెట్ల దెలుస్తది? వాని చెయ్యి వద్దన్ననని అనుకోడా? ఆరేండ్లకు సచ్చిపోయిండు. నేనేమన్న మాఫీ అడిగిననా? అడగలె. ఆ తెల్లాయిన తాత లెక్కనే."

ఇన్నాళ్లూ అతను ప్రసాదం తినే తీరు చూసి వేళాకోళం చేసిన నాకు తలెత్తి చూడ్డానికి మొహం చెల్లలేదు. సిగ్గేసింది. మధ్యాహ్నం నేను ఎత్తిన చెయ్యి నాకే బరువుగా అనిపించింది.

"రేపు సైటుకు నాతోని రావాలె నువ్వు," అన్నాడు లచ్చన్న. "వానికి జెప్పాలె. ఒక్కన్నే పోతె నడుమల మాట మార్సుకుంటనేమో. నువ్వుంటె మార్సరాదు."

మర్నాడు పొద్దున కర్జకాన్‌లో, చాయ్ విరామంలో, ఇద్దరం లక్ష్మణ్ పనిచేస్తున్న చోటికెళ్లాం. విల్లాల పునాదుల్లో సలాకల మధ్య గొంతుకూర్చుని తీగ మెలేస్తున్నాడు. లచ్చన్న ముందు రోజు నాకు చెప్పినదంతా ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాడు. నవ్విన సంగతి కూడా చెప్పాడు. లక్ష్మణ్ మెలేస్తూనే విన్నాడు. కొబ్బరికాయ దగ్గరికొచ్చేసరికి చేతిలో పట్టకారు ఆగింది.

"నా పానానికా ఆ మొక్కు?"

"నీ పానానికే."

"నాయిన నాకెన్నడు జెప్పలె." పట్టకారు కింద పెట్టాడు. "కాయ మంచిగ పలిగిందా?"

"మంచిగనే పలిగింది."

"మరి ఎవ్వలన్న తిన్నరా?"

లచ్చన్న తల అడ్డంగా ఊపాడు. "మీ అమ్మ తిన్నది," అన్నాడు. "గంతే."

లక్ష్మణ్ లేచి నిలబడ్డాడు. కొడతాడేమోనని నేను నిజంగా భయపడ్డాను. కొట్టినా లచ్చన్న పక్కకి తప్పుకునేవాడు కాడు. లక్ష్మణ్ గ్లోవ్స్ తీసి నడుముకి దోపుకుని, "కాకా, నీ లిస్టుల వంతు నాదేనా, కాదా?" అన్నాడు.

"నీదే."

"నిన్న మీరు చేతులెత్తిన్రు."

"నేను ఎత్తలె."

"వద్దని గూడ అనలె."

"అనలె," ఒప్పుకున్నాడు లచ్చన్న. "ఇయ్యాల అంటున్న. అందరి ముంగట అంట."

అన్నాడు. ఆ సాయంత్రం మెస్సులో భోజనాలకి అందరూ కూర్చున్నప్పుడు, వడ్డన మొదలవకముందే, పోశయ్య కథంతా నిలబడి చెప్పాడు. తన తప్పు తనే చెప్పుకుని, తర్వాత మా మొహాలు చూశాడు. నాది మొదటి చెయ్యి కాబట్టి మొదట లేవవలసింది నేనే. లేచి, నా మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాను. భూమేష్ తన కంచంలోకే చూస్తూ, "వంతంటే వంతే," అన్నాడు. మిగిలినవాళ్లలో ఇద్దరు మాట్లాడలేదు. ఆ ఇద్దరూ కల్యాణానికి కూడా రాలేదు.

పంతులు గారు అక్కర్లేదు, లక్ష్మణే చేస్తాడని వేంకటాచలం గారికి ఫోను చేసే పని నాకు పడింది. ఆయన కోప్పడలేదు. కోప్పడితే తేలిగ్గా ఉండేది. "నాకు అలాంటి పట్టింపులేవీ లేవండి, మీకు తెలుసుగా," అన్నారు. "కానీ అవి నాన్నగారి విగ్రహాలు. అందరూ ముట్టుకునేవి కావు." సరేనండి అని పెట్టేశాను. పదేళ్లుగా వాళ్లింట్లో తింటున్న అన్నం గురించి ఆ రోజు మొదటిసారి ఆలోచించాను. నాకు వడ్డించేటప్పుడు జయశ్రీ గారికి ఏ అడ్డూ లేదు. లక్ష్మణ్ వెంట వస్తే ఉండేదా అని నేను ఎన్నడూ అనుకోలేదు. అనుకోవలసిన అవసరం నాకు రాలేదు, అంతే.

శుక్రవారం ఎప్పటిలాగే పటానికే కల్యాణం జరిగింది. క్యాంపు షెడ్డు కింద పందిరి కట్టాం. లక్ష్మణ్ పసుపు అంచు పంచె కట్టుకుని కూర్చున్నాడు. మంత్రాలు కొన్ని తప్పులు పోయాయి. ఒక చోట ఆగిపోయి, ఫోన్లో చూసి మళ్లీ అందుకున్నాడు. తాళి పళ్లెం అందరి దగ్గరికీ తనే తిప్పాడు. యానుష్ గారు వచ్చి వెనక వరసలో కుర్చీ వేసుకున్నాడు. పళ్లెం తన ముందుకొచ్చినప్పుడు ఏం చెయ్యాలో తెలియక లేచి నిలబడి, అందరినీ చూసి, రెండు వేళ్లతో తాళి తాకి కళ్లకి అద్దుకున్నాడు.

కల్యాణం అయ్యాక లక్ష్మణ్ కొబ్బరికాయ కొట్టాడు. ఒక చెక్క పటం ముందు పెట్టి, రెండోది పట్టుకుని షెడ్డు బయట నిలబడ్డ లచ్చన్న దగ్గరికి నడిచాడు. అందరం చూస్తున్నాం. లచ్చన్న రెండు చేతులూ చాపి తీసుకున్నాడు. అక్కడే పంటితో కొరికి తిన్నాడు. తింటూ ఏడ్చాడు. అరవయ్యొకటేళ్ల మనిషి, పోలీసు దెబ్బలకి ఏడవలేదని ఊళ్లో చెప్పుకునే మనిషి, నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా తిన్నాడు. 

లక్ష్మణ్ అతను తినేదాకా ఆగాడు. తర్వాత మెల్లగా, పక్కనున్న నాకు మాత్రం వినపడేలా అన్నాడు. "కాకా, ఇది క్యాంపు. మా నాయిన నిన్నడిగింది ఇది గాదు."

అందులో కోపం లేదు. ఉన్న మాట చెప్పాడు. లచ్చన్న తల ఊపాడు.

ఆదివారం పొద్దున్నే లచ్చన్న నా ఆఫీసుకొచ్చాడు. చేతిలో రెండు సెలవు ఫారాలు, ఒకటి తనది, ఒకటి లక్ష్మణ్‌ది. ఇద్దరికీ అవే తేదీలు, అదే విమానం. లక్ష్మణ్ తన ఫారం తనే నింపి సంతకం పెట్టాడు, కారణం దగ్గర మొక్కు అని రాశాడు. లచ్చన్నది నన్ను నింపమన్నాడు.

"ఇప్పుడు మీ ఊరి గుడి దగ్గర ఎవరూ అడ్డం రారు కదయ్యా?" అని అడిగాను.

"ఎవ్వలు అడ్డం రారు. ఆ వాడకెళ్లి గుడిలకు ఎవ్వలు పోరు గూడ. నేను ముంగట నడుస్త, వాడు నా ఎంబడి... లేదు లేదు. వాడే ముంగట."

పేరు రాశాను, తేదీలు రాశాను. కారణం అన్న గడి దగ్గర ఆగి, దైవదర్శనం అని రాయనా అన్నాను.

"నాకు దేవుడెక్కడిదే సారూ," అని విసుక్కున్నాడు లచ్చన్న. "సంఘం పని అని రాయి."

ఆ సంఘం పోయి పాతికేళ్లు దాటిందని అతనికి నేను చెప్పక్కర్లేదు. ఆ రెండు మాటలూ తెలుగులోనే రాసి సంతకం పెట్టాను.